సంచుల దగ్గర ఎవరు కూర్చోవాలి?



పోయిన వారం నేను పెట్టిన ఒక పాత ఫోటో మీద చాలా మాటలు నడిచాయి. మంచులో వెల్లకిలా పడి, కాళ్ళకి స్కీలతో, నోరంతా నవ్వుతో ఉన్న ఆ నీలం కోటు మనిషి మా ఇంటామె. 2024 ఫిబ్రవరిలో జపాన్‌లో మావాడి దగ్గరికి వెళ్ళినప్పుడు తీసింది. ఫోటో చూసి కొందరు "వదినా, భలే ఉన్నవ్" అన్నారు. కొందరు "ఎంత ఖర్చయింది, ఎట్ల పోవాలె" అని అడిగారు. ఇంకొందరు మాత్రం "ఈ వయసుల గిదేం పని? కాలిరిగితే ఎవరు చూస్తరు?" అని రాశారు. ఒక పెద్దాయన ఫోన్ చేసి మరీ, "ఆడమనిషి కింద పడ్డ ఫోటో నలుగురిలో పెడతారా?" అని మందలించారు.

ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఆ మాట మీద నాలుగు రోజులు ఆలోచించాను. అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి చెప్తాను. ఆ రోజు ఆమె స్కీయింగ్ చేయాల్సిన మనిషే కాదు. మా ఇంట్లో వేసిన లెక్క ప్రకారం మావాడు, కోడలు, నేను మంచులోకి దిగాలి. ఆమె పైన హోటల్లో అద్దం పక్కన కూర్చుని చాయ్ తాగుతూ మమ్మల్ని చూడాలి. మా సంచులు, ఫోన్లు, పాస్‌పోర్టులు ఆమె దగ్గర ఉండాలి. ఆ లెక్క వేసింది మావాడు, తలూపింది నేను. ఇద్దరికీ అది తప్పని తోచలేదు. ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా మేం ఎక్కడికి వెళ్ళినా అదే వరస. మహాబలేశ్వర్‌లో మేం గుర్రమెక్కితే ఆమె చెప్పులకి కాపలా. గోవాలో మేం సముద్రంలో దిగితే ఆమె తువ్వాళ్ళకి కాపలా. మీ ఇళ్ళల్లో ఈ వరస లేదని చెప్పగలిగినవాళ్ళు చెయ్యెత్తండి.

సరే, ప్రయాణం సంగతి. అడిగినవాళ్ళ కోసం వివరంగా రాస్తాను.

మావాళ్ళు ఉండేది టోక్యోలో నిషికసాయి అనే చోట. మనదేశం వాళ్ళు, అందులో తెలుగు పిల్లలు, బాగా కనిపించే పేట అది. పొద్దున ఆరింటికి బయల్దేరి అక్కడ మెట్రో ఎక్కితే పావుగంట దాటాక ఒతెమాచి. అక్కడినుంచి నడుచుకుంటూ టోక్యో స్టేషన్. అక్కడ జోఎత్సు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు. ఆ రైళ్ళలో కొన్ని, చలికాలంలో మాత్రమే, గాలా యుజావా అనే స్టేషన్ దాకా పోతాయి. గంటా పావు, కొంచెం అటూ ఇటూ.

గాలా యుజావా స్టేషన్ 1990 డిసెంబరులో తెరిచారు. ఊరి కోసం కాదు, స్కీయింగ్ కోసమే. మామూలు షింకన్‌సెన్ దారిలో ఉన్న ఎచిగో-యుజావా నుంచి 1.8 కిలోమీటర్ల చిన్న కొమ్మలాగా పట్టాలు వేశారు. మంచు కాలం అయిపోతే ఆ స్టేషన్ మూసేస్తారు. రైలు దిగి టికెట్ గేటు దాటితే ఎదురుగానే స్కీ టికెట్ల కౌంటర్లు, అద్దెకి బట్టలు, బూట్లు, స్కీలు. అదే కప్పు కింద గొండోలా, అంటే తీగ మీద వేలాడుతూ పోయే డబ్బా. అందులో కూర్చుంటే సుమారు 800 మీటర్ల ఎత్తుకి తీసుకుపోయి దింపుతుంది. బస్సు వెతకడం, టాక్సీ బేరమాడటం, భాష రాక తికమకపడటం ఏవీ లేవు. సోలాపూర్ నుంచి పంఢర్‌పూర్ పోయి రావడానికి పడే తిప్పలకంటే తక్కువే పడ్డామని ఒట్టేసి చెప్తాను.

ఖర్చు అడిగారు కదా. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి టోక్యో వైడ్ పాస్ అని ఒకటి ఇస్తారు. మూడు రోజులు చెల్లుతుంది, గాలా యుజావా రైలూ అందులోనే వస్తుంది. మేం కొన్నప్పుడు 15,000 యెన్లు, అప్పటి లెక్కలో 8,000 రూపాయల పైచిలుకు. మిగతా రెండు రోజులూ అదే పాసు మీద నిక్కో, కవాగుచి చెరువు చూసి వచ్చాం కాబట్టి గిట్టుబాటే. లిఫ్టు, బట్టలు, బూట్లు, స్కీలు, పాఠం కలిపితే మనిషికి రైలు ఖర్చుకంటే ఎక్కువే అయింది. చిన్న మొత్తం కాదు. ధరలు ఏటా మారుతుంటాయి, వెళ్ళేవాళ్ళు అప్పటికప్పుడు చూసుకోవాలి.

రైల్లో ఒక వింత చూశాను. టోక్యోలో ఎండ కళకళలాడుతోంది, ఆకాశం నీలం. కొండల కిందికి దూరాక సొరంగాలు మొదలయ్యాయి. వాటిలో దైషిమిజు సొరంగం పొడవే 22 కిలోమీటర్లు. అది దాటి బయట పడేసరికి ప్రపంచమంతా తెలుపు. ఇళ్ళ కప్పుల మీద మనిషెత్తు మంచు. ఇటుపక్క ఎండ, అటుపక్క మంచు ఎట్లా అని మావాణ్ణి అడిగితే చెప్పాడు. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే గాలి జపాను సముద్రం మీద తడి పీల్చుకుని, ఈ కొండలకి కొట్టుకుని, మోసుకొచ్చిందంతా అటుపక్కే కుమ్మరించేసి, పొడి గాలిగా టోక్యో వైపు దిగుతుందట. కవబాత యసునారి అనే నోబెల్ రచయిత ఈ యుజావాలోనే ఉండి మంచు దేశం గురించి నవల రాశాడని కూడా చెప్పాడు. ఆ నవల కాలానికి ఇంకా పాత సొరంగమే, 1931లో తెరిచింది. మా ఇంటామె కిటికీకి ముక్కు ఆనించి ఒక్క మాట అంది. "ఇంత తెలుపు నేను దూది గోదాముల గూడ సూడలే."

స్టేషన్లో దిగి బట్టలు మార్చుకునే చోటే గొడవ మొదలైంది. మావాడు మూడు జతల బూట్లకి చీటీ రాయిస్తున్నాడు. ఆమె వెనకనుంచి చూసి, "నాలుగు రాయి" అంది. "అమ్మా, నువ్వు పైన కూసో, మంచిగ కనిపిస్తది" అన్నాడు. "నేను సంచులు కాయనీకి వచ్చిన్నా ఇంత దూరం?" అంది. గొంతు పెంచలేదు. మామూలుగానే అడిగింది. కానీ నాకు ఆ ప్రశ్న చాలా ఏళ్ళ కిందటే ఆమె నోట్లో తయారై, ఇవాళ బయటికి వచ్చినట్టు అనిపించింది.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మా ఇంటామె పెళ్ళికి ముందూ, తర్వాతా బీడీలు చుట్టింది. మన తూర్పు భాగంలో ఏ గడప ఎక్కినా ఉండే కథే. సక్లముక్లం పెట్టుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, రోజుకి వెయ్యి. ఆ చేతుల మీదే మావాడు ఇంజినీరింగ్ చదివాడు. నా సాంచెల మీద వచ్చింది కరెంటు బిల్లుకీ అప్పుకీ పోయేది, మీకు తెలుసు. చిన్నప్పుడు కూడా ఆమె ఆడింది తొక్కుడుబిళ్ళ తప్ప మరొకటి లేదు, అదీ పదేళ్ళ లోపే. 52 ఏళ్ళు వచ్చేదాకా ఆ ఒంటికి పని తెలుసుగానీ ఆట తెలియదు.

నాలుగో జత బూట్లు తీసుకున్నాం.

ఇక పాఠం సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

పైకి ఎక్కగానే మావాడి ఆలోచన ఏమిటంటే, పాఠానికి డబ్బు దండగ, నేనే నేర్పిస్తాను అని. కోడలు ఒప్పుకోలేదు. టోక్యోలో ఉండగానే ఇంగ్లీషులో చెప్పే శిక్షకురాలిని, మొదటిసారి వచ్చేవాళ్ళ జట్టులో, రెండు గంటలకి బుక్ చేసి పెట్టింది. ఆ పిల్లకి నేను ఇవాళ్టికీ దండం పెడతాను.

శిక్షకురాలు పాతికేళ్ళ అమ్మాయి. మొదటి అరగంట స్కీలు రెండూ వేయనివ్వలేదు. ఒక్క కాలికి ఒక్కటి వేసి, రెండో కాలితో నేలని నెడుతూ చదును మీద గుండ్రంగా తిరగమంది. తర్వాత రెండో కాలు మార్చింది. తర్వాత రెండూ వేసి అడ్డంగా, పీత నడిచినట్టు, గట్టు ఎక్కమంది. తర్వాత పడటం నేర్పింది. అవును, పడటమే. వెనక్కి కాదు, పక్కకి, పిర్ర మీద పడాలి. లేచేటప్పుడు స్కీలు వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి, లేకపోతే సగం లేచేసరికి అవే జారిపోతాయి. తర్వాత ఆగడం. రెండు స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా. ఆ అమ్మాయి చేతులతో మూడు మూలల ఆకారం చూపించి "పిజ్జా" అంది. మా ఇంటామె చూసి "సమోసా లెక్క" అంది. కోడలు దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ అమ్మాయి కడుపుబ్బ నవ్వి, ఆ రెండు గంటలూ మా జట్టుకి "సమోసా, సమోసా" అనే కేక వేసింది.

మధ్యలో మావాడు వచ్చాడు. "అమ్మా, ముందుకి వంగు. అట్ల కాదు. చెప్తే అర్థమైతలేదా?" అని మొదలుపెట్టాడు. అప్పటిదాకా బాగానే నిలబడ్డ మనిషి బిగుసుకుపోయి కింద పడింది. శిక్షకురాలు వాడికి వంగి దండం పెట్టి, మీ వాలు అటుపక్క ఉందని మర్యాదగా చెయ్యి చూపించింది. వాడు వెళ్ళిపోయాక ఆమె మళ్ళీ నిలబడింది.

అప్పుడు నాకు మా నాయిన గుర్తొచ్చాడు. నాయిన గుంట మగ్గం మీద నేసేవాడు. నేను మగ్గం ఎక్కుతానంటే ఏడాదిపాటు కండెలు చుట్టించాడు. తర్వాత తెగిన పోగు అతకడం. దారం తెంపి ఇచ్చేవాడు, అతకమనేవాడు. అతికాక మళ్ళీ తెంపేవాడు. "తెగింది అతకరానోడు మగ్గం ఎక్కొద్దు" అనేది ఆయన మాట. నెయ్యడం ఎప్పుడైనా వస్తుంది, తెగినప్పుడు ఏం చేయాలో ముందు రావాలి. ఆ మంచులో ఆ అమ్మాయి చెప్పిందీ అదే. ఆగడం, లేవడం రానివాళ్ళు లిఫ్టు ఎక్కొద్దు.

మా బంధువుల్లో ఒక కుర్రాడు వేరే దేశంలో చదువుకుంటున్నాడు. దోస్తులతో ఒక్కరోజు స్కీయింగ్‌కి పోయాడు. "రెండు సార్లు పడితే అదే వస్తది" అని వాళ్ళు ధైర్యం చెప్పి, పాఠం మాన్పించి, నేరుగా పై వాలుకి తీసుకుపోయారు. ఆగడం తెలియదు. మోకాలు మెలిపడి లోపలి లిగమెంటు తెగింది. ఆపరేషన్, చంకల కింద కర్రలు, ఆరు నెలలు. వాళ్ళమ్మ ఇక్కడ ఎన్ని గుళ్ళు తిరిగిందో నేను చూశాను. పాఠానికి మిగిల్చిన డబ్బు ఎంతో, ఆ తర్వాత పోయింది ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఆ పిల్లల్లో ఎవరిదీ చెడ్డ బుద్ధి కాదు. కానీ మొదటిసారి వచ్చినవాణ్ణి తమ సరదాకి తగ్గట్టు లాక్కుపోయారు, వాడికి ఏం కావాలో చూడలేదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. "మొదటిసారి వాళ్ళకి అనుకూలం" అని ఏ చోటునైనా పిలవాలంటే, అక్కడ వాలు ఎంత తక్కువ అన్నది ఒక్కటే కొలత కాదు. మనం సంచుల దగ్గర కూర్చోబెట్టే మనిషి, ఆ సంచులు కింద పెట్టి దిగగలదా అన్నది అసలు కొలత. దానికి మూడు కావాలి. సులువుగా చేరే దారి, పడినా దెబ్బ తగలని నేల, మన ఇంటి మనిషి కాని ఒక గురువు. మూడోదాన్నే మనం దండగ ఖర్చు అంటాం. మిగతా రెండూ ఉన్నా అది లేకపోతే మొదటి గంటలోనే ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, భయస్థులు "మీరు ఆడుకోండి, నేను కూర్చుంటా" అని పక్కకి తప్పుకుంటారు. వాళ్ళకి ఇష్టం లేక కాదు. భర్త చేత, కొడుకు చేత నలుగురిలో తిట్లు తినడం ఇష్టం లేక.

మొగుడు నేర్పే స్కూటర్ ఎంతమంది ఆడవాళ్ళకి వచ్చింది చెప్పండి? రెండో రోజే కళ్ళనీళ్ళు, మూడో రోజు స్కూటర్ షెడ్డులో. అదే డ్రైవింగ్ స్కూల్ వాడు నేర్పితే నెలలో బజారుకి పోయివస్తారు. ఆమెకి తెలివి అప్పుడే పుట్టుకొచ్చిందా? పరాయివాడు విసుక్కోడు, అంతే తేడా.

ఇప్పుడు వచ్చిన అభ్యంతరాలకి వస్తాను.

"ఇవి మనవాళ్ళవి కావు" అన్నారు ఒకరు. జపాన్ వాళ్ళవి మాత్రం పుట్టుకతో అయ్యాయా? 1911 జనవరిలో ఆస్ట్రియా నుంచి వచ్చిన లెర్క్ అనే సైనిక మేజర్, ఇదే నీగాతా ప్రాంతంలో తకాదా అనే ఊళ్ళో, జపాను సైనికులకి స్కీయింగ్ నేర్పాడు. అదీ ఒక్క కర్రతో. వాళ్ళ ఇళ్ళ మీద వేల ఏళ్ళుగా మంచు పడుతూనే ఉంది, అయినా ఆ విద్య ఒక గురువు వచ్చి నేర్పితేనే వచ్చింది. ఇప్పటికీ జనవరి 12ని అక్కడ స్కీ దినంగా గుర్తుంచుకుంటారు. మన సోలాపూర్ చద్దరు మీద పువ్వు లేపే జకార్డు ఎక్కడిది? ఫ్రాన్సుది. ఇవాళ ఆ చద్దరు మన ఊరి పేరుతోనే అమ్ముడుపోతోంది. నేర్చుకున్నవాడిదే విద్య.

"ఇక్కడ సాంచెలు మూతపడుతుంటే మంచులో జారడానికి డబ్బులా" అన్నారు ఇంకొకరు. ఈ మాట గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే. అందరూ జపాన్ పోవాలని నేను అనడం లేదు. మావాడు అక్కడ ఉన్నాడు కాబట్టి మేం పోయాం, వాడే పెట్టుకున్నాడు. మన సంఘంలో కొడుకో కూతురో బయటి దేశాల్లో ఉన్న ఇళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. తల్లిదండ్రులు ఆరేసి నెలలు వెళ్ళి, మనవళ్ళని చూసుకుంటూ, నాలుగు గోడల మధ్య ఉండి వస్తున్నారు. అట్లా వెళ్ళినవాళ్ళకి ఒక్క రోజు దొరికితే దాన్ని ఎట్లా వాడాలన్నదే నేను చెప్పేది. ఆ ఇంట్లో ఆమె కాపలా మనిషే, బయటికి వచ్చినా కాపలా మనిషేనా?

"కాలిరిగితే" అన్నవాళ్ళ మాట నేను కొట్టిపారేయను. భయం ఉండాలి. వెళ్ళేవాళ్ళకి నేను నేర్చుకున్న జాగ్రత్తలు రాస్తున్నాను, దాచుకోండి.

ఒకటి. మోకాళ్ళ నొప్పులు, ఎముకల బలహీనత, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగండి. వద్దంటే మానేయండి. మంచులో నడవడం, పిల్లలతో జారుడు బల్ల మీద కూర్చోవడం కూడా ఆనందమే, దానికీ విడిగా చోటు ఉంటుంది. ఎవర్నీ బలవంతం చేయొద్దు. రమ్మనడం ఎంత ముఖ్యమో, రాను అంటే ఊరుకోవడమూ అంతే ముఖ్యం.

రెండు. మన ప్రయాణ బీమాలో మంచు ఆటలు చాలాసార్లు ఉండవు. విడిగా చేర్పించుకోవాలి. కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.

మూడు. లోపల నూలు బట్టలు వేసుకోవద్దు. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. జన్మంతా నూలు తువ్వాళ్ళు నేసినవాణ్ణి. కానీ నూలు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, ఆ తడి చలిలో ఒంటిని చల్లార్చేస్తుంది. ఉన్నిగానీ, త్వరగా ఆరే రకంగానీ వేసుకోవాలి. మావాడు నా బనియన్ విప్పించి వేరేది వేయించాడు. పరువు పోయింది, ఒళ్ళు మాత్రం వెచ్చగా ఉంది.

నాలుగు. అద్దె కౌంటర్లో బరువు, ఎత్తు, అనుభవం అడుగుతారు. నిజం చెప్పండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు ఆ లెక్క మీదే పెడతారు. పడినప్పుడు స్కీ ఊడి కాలిని కాపాడాలంటే ఆ లెక్క సరిగ్గా ఉండాలి. ఆడవాళ్ళు బరువు తగ్గించి చెప్తారని అంటారు. నేను చూసిందైతే, మగవాళ్ళు అనుభవం ఎక్కువ చేసి చెప్తారు. హెల్మెట్, కళ్ళకి అద్దాలు కూడా తీసుకోండి. మంచు మీద నుంచి లేచే ఎండ మన వైశాఖపు ఎండకి తీసిపోదు.

అయిదు. జపాన్‌లో పచ్చ రంగు దారి కొత్తవాళ్ళది, ఎరుపు మధ్యరకం, నలుపు ఆరితేరినవాళ్ళది. అమెరికాలో ఎరుపుకి బదులు నీలం ఉంటుంది. రంగు చూడకుండా ఎవరి వెంటా పోవద్దు. ముందు, అంటే కింద, ఉన్న మనిషికే దారి హక్కు. వెనక నుంచి వచ్చేవాడే తప్పించుకు పోవాలి.

ఆరు. మొదటిరోజు కొండ కిందిదాకా స్కీల మీదే దిగాలని పంతం పట్టొద్దు. గొండోలాలో ఎక్కినట్టే గొండోలాలో దిగొచ్చు. మేం అదే చేశాం. అలిసిపోయాక "ఆఖరిసారి ఒక్కసారి" అనుకున్నప్పుడే దెబ్బలు తగులుతాయని శిక్షకురాలు చెప్పింది. మూడింటికల్లా ఆపేశాం.

నా సంగతి కూడా చెప్పాలి కదా. సాంచెల మధ్య ముప్పై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు, నాకేంటని అనుకున్నాను. వాలు చూడగానే ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలింది. భయపడితే ఎవరైనా వెనక్కే వాలుతారు, కానీ స్కీల మీద వెనక్కి వాలితే వేగం పెరుగుతుందేగానీ తగ్గదు. సమోసా మర్చిపోయాను. నేరుగా వెళ్ళి నారింజ రంగు వలలో చేపలాగా చిక్కుకున్నాను. నన్ను విడిపించడానికి ఇద్దరు రావాల్సి వచ్చింది. మా ఇంటామె మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. పడింది, అడ్డంగా పెట్టుకుంది, లేచింది. రెండో గంట చివరికి ఆ చిన్న వాలు మొత్తం, పైనుంచి కిందిదాకా, పడకుండా వచ్చి, సమోసా పెట్టి, శిక్షకురాలి ముందు ఆగింది. ఆ దూరం మన మార్కండేయ గుడి ముందు రథం తిరిగేంత కూడా ఉండదు. కానీ ఆమె ముఖం నేను పెళ్ళిలో కూడా అట్లా చూడలేదు. ఆ తర్వాత మా సంచులు ఎక్కడున్నాయని నేను అడిగితే, "లాకర్ల పెట్టిన. గదానికి మనిషెందుకు?" అంది.

ముప్పై ఏళ్ళు ఒక మనిషిని కూర్చోబెట్టిన పని, నాలుగు నాణేలు వేస్తే ఒక ఇనప పెట్టె చేసి పెట్టింది. సిగ్గు అనిపించింది నాకు.

పెద్దాయన ఫోన్లో అడిగినదానికి ఇదే జవాబు. ఆ ఫోటోలో ఆమె కింద పడి ఉంది, నిజమే. కానీ అది పడిపోయిన ఫోటో కాదు. మొదటిసారి దిగిన ఫోటో. అద్దం వెనక చాయ్ కప్పుతో కూర్చున్న ఫోటో పెట్టి ఉంటే మీరెవరూ ఏమీ అనేవారు కాదు. అదే నన్ను ఆలోచింపజేసింది.

ఇక మన సంఘానికి నా విన్నపం. మన వార్షికోత్సవం ఆటల్లో మగపిల్లలకి కబడ్డీ, క్రికెట్. ఆడవాళ్ళకి ముగ్గులు, కుర్చీలాట, వంటల పోటీ. ముగ్గుని నేను తక్కువ చేయను. కానీ నలభై దాటిన ఆడవాళ్ళలో ఎంతమందికి ఈత నేర్చుకోవాలని, సైకిలు తొక్కాలని ఉందో ఎప్పుడైనా అడిగామా? మన ఊళ్ళో మంచు పడదు, పడాల్సిన అవసరమూ లేదు. ఈ ఎండాకాలం ఒక నెల, నలభై దాటిన ఆడవాళ్ళకి విడిగా ఒక జట్టు పెట్టి, డబ్బిచ్చి ఒక మంచి శిక్షకురాలిని పెట్టి, ఈతో సైకిలో వాళ్ళు కోరుకున్నది నేర్పిద్దాం. మొదటి నెల శిక్షకురాలి జీతం నేను ఇస్తాను. కార్యవర్గం వచ్చే సమావేశంలో ఈ విషయం పెట్టాలని కోరుతున్నాను.

రెండో విన్నపం ఇంకా చిన్నది, పైసా ఖర్చు లేదు. వచ్చే పిక్‌నిక్‌లో సంచుల దగ్గర కూర్చునే వంతు మగవాళ్ళం వేసుకుందాం. మొదటి వంతు నాది.

మీ అభిప్రాయం రాయండి. కాదన్నా సరే, కారణం చెప్పి కాదనండి.

పెట్టేముందు ఇది మా ఇంటామెకి చదివి వినిపించాను. ఫోటో ఉంచమంది. తప్పు ఒక్కటే పట్టింది. ఆ రోజు తను మొత్తం ఆరుసార్లు పడిందట, నేనేమో ఒక్కసారే చెప్పానట. "ఆరుసార్లు అని రాయి, లేకపోతే ఉత్తదే లేచిన అనుకుంటరు" అంది. రాశాను.